ఠాణాలో పోయిన ప్రాణం: ఏ కాగితం, ఎవరికి, ఎప్పటిలోగా

ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు పాఠకులు పోలీసు కస్టడీ మరణాల మీద పంపిన ప్రశ్నలకు ఈ సంచికలో జవాబులిస్తున్నాం. 2024 జూలై 1 నుంచి, నేర విచారణ పద్ధతి చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. కింద ‘సంహిత’ అన్నచోటల్లా అదే. మనుషుల పేర్లు, ఠాణాల పేర్లు కావాలనే తీసేశాం.

ప్రశ్న: మా పిన్ని కొడుక్కి 22 ఏళ్లు. బైకు దొంగతనం కేసని సాయంత్రం ఠాణాకి తీసుకుపోయారు. తెల్లారేసరికి ‘లాకప్‌లో ఉరేసుకున్నాడు’ అని ఫోను. ఆస్పత్రి దగ్గర ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. అంతా ఒడియాలో ఉంది. మాకు మాట్లాడ్డం వచ్చు గాని చదవడం రాదు. ఇప్పుడేం చెయ్యగలం? ఇంకెవరికైనా ఇలా జరిగితే ముందుగా ఏం చెయ్యాలో కూడా రాయండి. – పర్లాకిమిడి

జవాబు: సంతకం పెట్టినంత మాత్రాన దారి మూసుకుపోలేదు. మీ చేత పెట్టించింది బహుశా శవ పంచనామా మీద. శవంపై పైకి కనిపించిన గాయాలు, బట్టలు, పడి ఉన్న తీరు రాసుకునే కాగితం అది. చావుకు కారణం మీరు ఒప్పుకున్నట్టు కాదు. అయితే ఆఖర్న ‘మరణంపై మాకు ఎలాంటి అనుమానం లేదు’ అన్న వాక్యం ఒకటి ఇరికిస్తుంటారు. రేపు మిమ్మల్ని బోనులో నిలబెట్టి అడిగేది ఆ వాక్యం గురించే. కాబట్టి ఆలస్యం చేయకుండా ఎస్‌డీజేఎం (సబ్ డివిజనల్ జుడీషియల్ మేజిస్ట్రేటు) కోర్టుకు, జిల్లా ఎస్పీకి ఒకే అర్జీ పెట్టండి. ఫలానా తేదీన, ఫలానా చోట ఒడియా కాగితాలపై సంతకాలు తీసుకున్నారు, చదివి వినిపించలేదు, మాకు ఆ లిపి రాదు, మరణంపై మాకు అనుమానం ఉంది. ఈ నాలుగు ముక్కలు చాలు. ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. కోర్టులో నేరుగా ఇచ్చి మీ ప్రతిపై ముద్ర వేయించుకోండి. ముద్ర లేని అర్జీ ఇచ్చినా ఇవ్వనట్టే.

ఇకముందు ఎవరికైనా ఈ పరిస్థితి వస్తే, సంతకం పక్కనే తెలుగులో ‘నాకు ఒడియా చదవడం రాదు, చదివి చెప్పలేదు, మరణంపై అనుమానం ఉంది’ అని రాసి తేదీ, టైము వేయండి. అలా రాయనివ్వకపోతే సంతకం మానేయండి. పంచనామాకు కావలసింది చుట్టుపక్కల ఉండే ఇద్దరు పెద్దమనుషులు. బంధువు సంతకం లేదని పోస్టుమార్టం ఆగదు.

అన్నిటికంటే ముఖ్యమైనది మేజిస్ట్రేటు విచారణ. ‘మేజిస్ట్రేటుగారు వచ్చి చూసి వెళ్లారు’ అని మీకు చెప్పే ఉంటారు. ఏ మేజిస్ట్రేటో అడగండి. ఎక్కువసార్లు వచ్చేది తహసీల్దారు. ఆయన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు, రెవెన్యూ శాఖ మనిషి. కస్టడీలో మనిషి చనిపోయినా, కనిపించకుండా పోయినా, పోలీసు దర్యాప్తుతో పాటు కోర్టు మేజిస్ట్రేటు విడిగా విచారణ జరపాలని సంహిత 196(2) చెబుతోంది. పాత చట్టంలో ఇది 176(1ఎ), 2006 నుంచీ ఉన్నదే. విచారణ జరిపేవారు వీలైనచోటల్లా బంధువులకు కబురు చేసి దగ్గర ఉండనివ్వాలి, శవాన్ని 24 గంటల్లోగా సివిల్ సర్జన్ పరీక్షకు పంపాలి. ఇవీ ఆ సెక్షన్లో ఉన్నవే.

ఇక్కడ మీకు సంబంధించిన మెలిక ఒకటుంది. ఆ సెక్షన్ ప్రకారం బంధువులంటే తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, భార్య లేక భర్త. పెద్దమ్మ కొడుకులూ పిన్ని కొడుకులూ అందులోకి రారు. పరుగులన్నీ మీరే పెట్టండి, అర్జీ మాత్రం మీ పిన్నిగారి పేరున ఉండాలి. ఆమె స్త్రీ కాబట్టి ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవల సంస్థ ఉచితంగా వకీలును ఇవ్వాలి. 15100కు ఫోన్ చేసినా అడగవచ్చు.

ప్రశ్న: పోస్టుమార్టం రిపోర్టులో ‘ఉరి వల్ల ఊపిరాడక మరణం’ అని ఉంది. వీపు మీద, పిరుదుల మీద నల్లగా కమిలిన మచ్చలు మా కళ్లారా చూశాం. అవి చనిపోయాక సహజంగా వచ్చే మచ్చలేనన్నారు. నమ్మవచ్చా? – రాయగడ

జవాబు: రెండూ జరిగేవే. గుండె ఆగాక రక్తం కిందివైపుకు దిగుతుంది. వెల్లకిలా పడుకోబెట్టిన శవానికి వీపంతా ఊదా రంగు మరక పడుతుంది. నేలకు గట్టిగా ఆనుకున్న చోట్ల, అంటే భుజాల ఎముకల మీద, పిరుదుల మీద, ఆ మరక ఉండదు. తెల్లగానే ఉంటాయి. మీరు పిరుదుల మీద నలుపు చూశామంటున్నారు కాబట్టి అనుమానానికి ఆధారం ఉంది. తేల్చే పద్ధతి కూడా తేలికే. మచ్చ మీద కత్తితో గాటు పెట్టి నీళ్లు పోస్తారు. చావు మరకైతే రక్తం నాళాల్లోదే కాబట్టి కడిగితే పోతుంది. దెబ్బ వల్ల కమిలిందైతే రక్తం కండలో ఇంకిపోయి ఉంటుంది, ఎంత కడిగినా పోదు. రిపోర్టులో ఆ గాటు సంగతి ఉందో లేదో చూడండి. లేకపోతే డాక్టరు పరీక్షించకుండా అభిప్రాయం రాశారన్న మాట.

లాఠీ దెబ్బకు ఒక గుర్తుంది. మధ్యలో పాలిపోయిన చార, దానికి రెండు పక్కలా సమాంతరంగా రెండు ఎర్రటి గీతలు పడతాయి. అరికాళ్ల మీద కొడితే పైకి ఏమీ కనిపించకపోవచ్చు, కోసి చూస్తేనే లోపల గడ్డకట్టిన రక్తం బయటపడుతుంది. అందుకే పోస్టుమార్టానికి ముందే రాతపూర్వకంగా అడగాలి: ఒక్కరు కాక డాక్టర్ల బృందం, వీలైతే బరంపురం ఎంకేసీజీ లాంటి మెడికల్ కాలేజీ ఫోరెన్సిక్ విభాగంలో, మొత్తం వీడియో, ఒంటికంతా ఎక్స్‌రే, వీపు, పిరుదులు, అరికాళ్లు, అరచేతులు కోసి చూడటం, బట్టలు, మెడకున్న గుడ్డ సీలు వేసి దాచటం. కస్టడీ మరణాల్లో వీడియో తీయాలని జాతీయ మానవహక్కుల కమిషన్ 1995 ఆగస్టులోనే రాష్ట్రాలకు రాసింది. 1997లో రిపోర్టు ఎలా రాయాలో నమూనా ఫారం కూడా పంపింది. ‘మా దగ్గర కెమెరా లేదు’ అన్న జవాబు చెల్లదు.

ఉరి విషయానికొస్తే, మెడ చుట్టూ పడిన గుర్తు ఎటు పోయిందో చూడాలి. ఉరైతే సాధారణంగా కంఠమణికి పైన, ఏటవాలుగా చెవి వెనక్కి లేస్తుంది, చుట్టూ పూర్తిగా కలవదు. తాడుతోనో గుడ్డతోనో మెడ బిగించి చంపితే అడ్డంగా, కాస్త కిందుగా, చుట్టూతా ఉంటుంది. ‘లాకప్ ఊచ నడుమెత్తుకు మించి లేదు, ఉరెలా వేసుకుంటాడు’ అన్న వాదన చాలామంది చేస్తారు. అదొక్కటే నమ్ముకోకండి. కాళ్లు నేలకు ఆనుతున్నా, కూర్చుని ఉన్నా ఉరిపడి చనిపోవటం వైద్యశాస్త్రం ఒప్పుకున్న సంగతే. ఊచ ఎత్తు, గుడ్డ పొడవు, గుడ్డ వెడల్పు, మెడ మీది గుర్తు వెడల్పు కొలిపించండి. ఒకదానికొకటి పొసగకపోతే అక్కడ పట్టు దొరుకుతుంది.

రిపోర్టు వచ్చేశాక కూడా వీడియోను, ఫొటోలను వేరే మెడికల్ బోర్డుకు పంపమని కోర్టును కోరవచ్చు. దహనం అయిపోతే రెండో పోస్టుమార్టానికి వీలుండదు. మీ ఇంట దహనమే ఆనవాయితీ అయినా, అనుమానం ఉన్నప్పుడు ఖననం చేయటం మంచిది. అవసరమైతే వెలికి తీయించే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది.

ప్రశ్న: మా వాణ్ని కొట్టి రెండో రోజు కోర్టులో పెట్టి సబ్‌జైలుకు పంపారు. అక్కడ అయిదో రోజున మూత్రం ఆగిపోయింది. బరంపురం తీసుకెళ్లి, అక్కణ్నుంచి విశాఖ కేజీహెచ్‌కు పంపితే అక్కడ చనిపోయాడు. ‘కిడ్నీ జబ్బు’ అన్నారు. పైగా చనిపోయింది ఆంధ్రలో కాబట్టి ఒడిశాలో ఏమీ చెయ్యలేమంటున్నారు. – గుణుపూర్

జవాబు: రెండో మాట తప్పు. 196(2) విచారణ జరపాల్సింది నేరం జరిగిన ప్రాంతం మేజిస్ట్రేటు. ఊపిరి విశాఖలో ఆగినా దెబ్బలు తిన్నది గుణుపూర్ వైపు కాబట్టి అక్కడి కోర్టుకే అర్జీ పెట్టండి. శవ పంచనామా, పోస్టుమార్టం మాత్రం విశాఖలో జరిగి ఉంటాయి, కాగితాలు అక్కణ్నుంచి తెప్పించుకోవాలి. విశాఖలో ఫిర్యాదు ఇచ్చినా జీరో ఎఫ్ఐఆర్ కట్టి ఒడిశాకు పంపవలసిందే. మా తాలూకా కాదని తిప్పి పంపే వీలు సంహిత 173లో లేదు.

మొదటి మాట సగం నిజం కావచ్చు. తొడలు, పిరుదుల కండలు లాఠీలతో చితికితే వాటిలోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను మూసేస్తుంది. మూత్రం ముదురు ఎరుపుగా, కషాయంలా వస్తుంది, తర్వాత తగ్గిపోతుంది. మనిషి మూడో రోజునో వారానికో పోతాడు. ఆస్పత్రి కాగితంలో ‘కిడ్నీ ఫెయిల్యూర్’ అని మాత్రమే ఉంటుంది. కొట్టిన దెబ్బకూ చావుకూ మధ్య ఉన్న లంకె ఇదే. దీన్ని నిరూపించాలంటే మూడు కావాలి. ఆస్పత్రిలో చేసిన రక్త పరీక్షల్లో సీపీకే అనే అంకె, కండ చితికితే పెరిగేది అది. మూత్రం రంగు గురించి నర్సులు రాసిన నోట్సు. పోస్టుమార్టంలో మూత్రపిండాల ముక్కలు సూక్ష్మదర్శిని పరీక్షకు పంపారా లేదా అన్నది. విషం కోసం పంపే అవయవాలను ఉప్పు ద్రావణంలో వేస్తారు, ఈ పరీక్షకు ఫార్మలిన్‌లో వేయాలి. అన్నీ ఉప్పునీళ్లలో వేసి పంపితే ఈ పరీక్ష దెబ్బతింటుంది. ఇలాంటి కేసుల్లో ఎక్కువగా జరిగే తప్పు ఇదే.

జైల్లోకి తీసుకునేటప్పుడు రాసిన ఆరోగ్య పరీక్ష కాగితం, రిమాండుకు ముందు డాక్టరు రాసిన కాగితం రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. అరెస్టయిన మనిషికి డాక్టరు పరీక్ష చేయించి, ఆ ప్రతిని అతనికో, అతను చెప్పినవారికో ఇవ్వాలి. కస్టడీలో ఉన్నంతకాలం ప్రతి 48 గంటలకు మళ్లీ పరీక్ష ఉండాలని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో చెప్పింది. ఒక కాగితంలో ‘గాయాలు లేవు’ అని, రెండు రోజుల తర్వాతి దాంట్లో ‘తొడలపై కమిలిన గాయాలు’ అని ఉంటే, ఆ రెండు రోజులూ అతను ఎవరి చేతిలో ఉన్నాడన్నదే కేసు.

ప్రశ్న: ‘మీవాణ్ని రాత్రే వదిలేశాం, బయటికెళ్లి చచ్చిపోయాడు’ అంటున్నారు. సీసీటీవీ చూపించమంటే పాడైందన్నారు. – బరంపురం

జవాబు: ‘వదిలేశాం’ అన్న కథ పాతదే. ఒడిశాలోనే సుందర్‌గఢ్ జిల్లా జరాయ్‌కేలా అవుట్‌పోస్టులో 1987 డిసెంబరు 1న తీసుకెళ్లిన 22 ఏళ్ల యువకుడు మర్నాడు రైలు పట్టాల మీద శవమై దొరికాడు. కట్టిన తాడు పళ్లతో కొరికి పారిపోయాడని, రైలు గుద్దిందని పోలీసులు వాదించారు. సుప్రీంకోర్టు నమ్మలేదు. గాయాలు రైలు వల్ల వచ్చినవి కావని, లాఠీలాంటి మొద్దు ఆయుధంతో వచ్చినవని డాక్టరు సాక్ష్యం నిలబడింది. తల్లి నీలాబతి బెహెరా రాసిన ఉత్తరాన్నే కోర్టు రిట్ పిటిషన్‌గా తీసుకుని 1993లో తీర్పిచ్చింది. వకీలు రాసిన దస్తావేజు కాదది, ఉత్తరం.

కెమెరాల సంగతి. ప్రతి ఠాణాలో గేటు, లాకప్, వరండా, ఇన్‌స్పెక్టరు గది, వెనకవైపు అన్నిటా రాత్రి కూడా చూసే, శబ్దం రికార్డు చేసే కెమెరాలు పెట్టి, 18 నెలల పాటు దాచాలని పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆదేశం ఒకటి, జరిగేది ఒకటి. 2024లో భువనేశ్వర్ భరత్‌పూర్ ఠాణాలో అసలు కెమెరాలే లేవని బయటపడింది. రాజధానిలోనే అంత చక్కగా ఉంటే కొండల్లో ఫాండీల (అవుట్‌పోస్టుల) సంగతి చెప్పనక్కర్లేదు. తమిళనాడు సాత్తాన్‌కుళం ఠాణాలో దెబ్బలు తిన్న తండ్రీ కొడుకులు 2020 జూన్‌లో చనిపోయినప్పుడు హార్డ్ డిస్క్‌లో కావలసినంత చోటుంది. అయినా రోజూ తనంతట తానే చెరిగిపోయేలా పెట్టారని విచారణకు వెళ్లిన మేజిస్ట్రేటు రాశారు. అక్కడ కేసు నిలబడటానికి ఒక కారణం, అదే ఠాణా మహిళా హెడ్ కానిస్టేబుల్ ఇచ్చిన వాంగ్మూలం.

కాబట్టి ‘ఫుటేజి ఇవ్వండి’ అని అడుగుతూ కూర్చోకండి. ముందు ‘చెరపకుండా ఉంచండి’ అని ఎస్పీకి, మేజిస్ట్రేటుకు రాయండి. తేదీ, గంటలు, ఏయే కెమెరాలో పేరుపేరునా రాయాలి. అది అందాక చెరిగిపోతే సాక్ష్యం మాయం చేశారన్న ఆరోపణకు, భారతీయ న్యాయ సంహిత (నేరాలు, శిక్షలు చెప్పే వేరే చట్టం) 238కి, బలం వస్తుంది. ఠాణా ఎదుటి కిళ్లీ కొట్టు, మందుల షాపు, పెట్రోలు బంకు కెమెరాలు మరవకండి. అవి రెండు మూడు వారాలకే పాతవి చెరిపేస్తాయి, షాపువాళ్లకు పోలీసులంటే భయం. అడిగి కాపీ తీసుకునేటప్పుడు డీవీఆర్‌లో (కెమెరా దృశ్యాలు రికార్డయ్యే పెట్టెలో) కనిపించే టైముకూ గోడ గడియారానికీ ఎంత తేడా ఉందో రాసుకోండి. వీలైతే ఆ డీవీఆర్‌ను కోర్టు ద్వారా స్వాధీనం చేయించండి.

స్టేషన్ డైరీ, ఆ రాత్రి డ్యూటీ పట్టిక, జీపు లాగ్‌బుక్ కోసం సమాచార హక్కు కింద అడగవచ్చు. ఒడిశాలో ఫారం-ఎ మీద, 10 రూపాయల ఫీజుతో ఇవ్వాలి. తెల్లకాగితం మీద రాసిస్తే ఆ కారణంతోనే తిప్పి పంపుతారు. ‘దర్యాప్తు నడుస్తోంది’ అని 8(1)(హెచ్) కింద కాదంటే 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయండి.

మనిషిని పట్టుకుపోతున్నప్పుడే 112కి ఫోన్ చేసి ఫలానా జీపులో ఫలానా ఠాణాకు తీసుకెళ్తున్నారని చెప్పటం అలవాటు చేసుకోవాలి. ఫిర్యాదుకు నంబరు పడుతుంది, టైము నమోదవుతుంది. రేపు ‘మేం తీసుకెళ్లనే లేదు’ అంటే అదే మొదటి సాక్ష్యం.

ప్రశ్న: కేసు కట్టామని ఒక నంబరిచ్చారు. కాని అందులో పోలీసుల పేర్లు లేవు, సెక్షన్లూ లేవు. – జయపురం

జవాబు: అది యూడీ కేసు, అసహజ మరణం నమోదు. పాము కరిచి చనిపోయినా అదే కడతారు. ఎఫ్ఐఆర్ కాదు, దాని మీద ఎవర్నీ అరెస్టు చెయ్యరు. ఏళ్ల తరబడి ఎఫ్ఐఆర్ అనుకుని యూడీ నంబరు పట్టుకు తిరిగే కుటుంబాలు ఉంటాయి. మీరు విడిగా రాతఫిర్యాదు ఇవ్వాలి. అందులో భారతీయ న్యాయ సంహిత కింద హత్య (103), గాయపరిచి నేరం ఒప్పించటం (120), అక్రమ నిర్బంధం (127) సెక్షన్లు కోరవచ్చు. ఐఐసీ (ఠాణా ఇన్‌చార్జి ఇన్‌స్పెక్టరు) తీసుకోకపోతే పోస్టులో ఎస్పీకి, అప్పటికీ కట్టకపోతే ఆ రసీదులతో, అఫిడవిట్‌తో మేజిస్ట్రేటు దగ్గరికి. ఈ మెట్లు వరుసగా ఎక్కాలి. ఎస్పీకి పంపిన రసీదు లేకుండా నేరుగా కోర్టుకెళ్తే అర్జీ వెనక్కొస్తుంది. ప్రభుత్వోద్యోగులపై ఫిర్యాదు కాబట్టి మేజిస్ట్రేటు పైఅధికారి నివేదిక తెప్పించుకుంటారు, అందుకు కొంత ఆలస్యమవుతుంది. అదే ఠాణా దర్యాప్తు చేస్తే పనికిరాదు. క్రైమ్ బ్రాంచ్‌కో మరో జిల్లా అధికారికో అప్పగించమని అర్జీలోనే అడగండి. కాదంటే కటక్ హైకోర్టులో రిట్.

ప్రశ్న: మధ్యవర్తిని పంపి 5 లక్షలిస్తామంటున్నారు. స్టాంపు కాగితం మీద ‘మాకు ఫిర్యాదు లేదు’ అని రాయమంటున్నారు. తీసుకుంటే తప్పా? – రాయగడ

జవాబు: తప్పొప్పులు మీరే తేల్చుకోవాలి. చట్టం మాటకొస్తే హత్య రాజీకి వీలయ్యే నేరం కాదు, ఆ స్టాంపు కాగితం కేసును ఆపలేదు. ఆపేది వేరే ఉంది. డబ్బు తీసుకున్న తల్లి సాక్ష్యాన్ని ఎదుటి వకీలు రెండు ప్రశ్నలతో పడగొడతాడు.

అసలు పరిహారం అడగటానికి రాజీ అక్కర్లేదు. క్రిమినల్ కేసు తేలకపోయినా, కస్టడీలో ప్రాణం పోయినందుకు ప్రభుత్వమే బాధ్యురాలని నీలాబతి బెహెరా తీర్పు చెప్పింది. అప్పట్లో లక్షా 50 వేలు ఇప్పించింది. చనిపోయినవారు ఎస్సీ, ఎస్టీ అయి అట్రాసిటీ చట్టం కింద కేసు నమోదైతే, హత్యకు 2016 నిబంధనల్లో 8 లక్షల 25 వేల సాయం ఉంది. అందులో సగం పోస్టుమార్టం తర్వాత, సగం చార్జిషీటు కోర్టుకు వెళ్లాక. సరిహద్దు తెలుగువాళ్లకు ఇక్కడో చిక్కుంది. ఆంధ్ర జాబితాలో ఉన్న కులం ఒడిశా జాబితాలో ఉండాలని లేదు. శ్రీకాకుళంలో తీసుకున్న సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదంటారు. తహసీల్ ఆఫీసులో ఒడిశా సర్టిఫికెట్ ఉందో లేదో ముందు చూసుకోండి.

ప్రశ్న: మా మేనల్లుడికి 17 నిండలేదు. ఎఫ్ఐఆర్‌లో 19 అని రాశారు. – మల్కన్‌గిరి

జవాబు: 18 లోపు పిల్లల్ని లాకప్‌లో గాని జైల్లో గాని పెట్టనే కూడదు. 24 గంటల్లోగా జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు పెట్టాలి. వయసుకు మొదటి ఆధారం బడి సర్టిఫికెట్ లేక మెట్రిక్ సర్టిఫికెట్. అది లేకపోతే పంచాయతీ, మునిసిపాలిటీ జనన ధ్రువపత్రం. రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆధార్ కార్డులో తేదీని నమ్ముకోకండి. బడి హెడ్‌మాస్టరు దగ్గర అడ్మిషన్ రిజిస్టరు పేజీ నకలు ఈ వారంలోనే తెచ్చుకోండి.

ప్రశ్న: మానవహక్కుల కమిషన్‌కు తెలుగులో రాయవచ్చా? ఢిల్లీకా, భువనేశ్వర్‌కా? – పర్లాకిమిడి

జవాబు: తెలుగులోనే రాయండి, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషైనా తీసుకుంటారు. ఫీజు లేదు. రెండింటికీ పంపకండి. రాష్ట్ర కమిషన్ ముందు తీసుకున్న ఫిర్యాదును జాతీయ కమిషన్ ముట్టుకోదు. ఘటన జరిగి ఏడాది దాటితే ఏ కమిషనూ తీసుకోదు. కస్టడీ మరణాన్ని 24 గంటల్లో తనకు తెలపాలని, తెలపకపోతే దాచిపెట్టే ప్రయత్నంగా భావిస్తానని జాతీయ కమిషన్ 1993 డిసెంబరు 14న రాష్ట్రాలకు రాసింది. మీ ఉత్తరంలో మొదటి ప్రశ్న అదే కావాలి: ఈ మరణం గురించి జిల్లా నుంచి మీకు సమాచారం ఎప్పుడు అందింది? కమిషన్ శిక్ష వేయదు, సిఫారసు చేస్తుంది. కాని పోస్టుమార్టం వీడియో, మేజిస్ట్రేటు విచారణ నివేదిక, ఆస్పత్రి కాగితాలు జిల్లా నుంచి తెప్పించుకుంటుంది. మీకు ఠాణాలో దొరకని కాగితాలు చాలావరకు ఆ ఫైలులో ఉంటాయి. ఫైలు నంబరు రాగానే మీ వకీలుకు ఇవ్వండి, హైకోర్టులో వాటిని పిలిపించమని అడగటానికి అది పనికొస్తుంది.